నికెల్ పట్టు

1980లలో మందుల కంపెనీల ప్రయోగశాలలకు ఒక కొత్త తలనొప్పి పట్టుకుంది. ఎలుకదో మనిషిదో ఒక జన్యువును ఇ.కోలై బ్యాక్టీరియాలో పెట్టి, దాని చేత ఆ ప్రోటీన్‌ను తయారు చేయించడం అప్పటికి చేతికొచ్చిన విద్యే. చిక్కంతా ఆ తర్వాత. బ్యాక్టీరియాను పగలగొడితే మనకు కావలసిన ప్రోటీన్‌తో పాటు దాని సొంత ప్రోటీన్లు వేల రకాలు బయటపడతాయి. వాటిలోంచి ఒక్కదాన్నే ఏరి తీయాలి. ఒక ప్రోటీన్‌ను శుద్ధి చేసిన పద్ధతి ఇంకోదానికి పనికి రాదు. ప్రతిసారీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే.

స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో, హాఫ్‌మన్ లా రోష్ కంపెనీలో పనిచేస్తున్న ఎరిక్ హోహులి బృందం ఈ చిక్కును తలకిందులు చేసి చూసింది. ఉన్న ప్రోటీన్‌కు తగిన పద్ధతి వెతకడం మాని, చేతిలో ఉన్న పద్ధతికి తగ్గట్టు ప్రోటీన్‌నే మార్చేస్తే? జన్యువు మన చేతిలోనే ఉంది కదా, దాని చివర నాలుగు అక్షరాలు ఎక్కువ రాస్తే పోయేదేముంది?

పద్ధతి మటుకు వాళ్లది కాదు. 1975లో స్వీడన్‌లోని ఉప్సలాలో యెర్కెర్ పొరాత్ దాన్ని కనిపెట్టాడు. ప్రోటీన్లను సైజును బట్టి విడదీసే సెఫడెక్స్‌ను అంతకు ముందే పెర్ ఫ్లోడిన్‌తో కలిసి లోకానికి ఇచ్చినవాడు ఆయన. ఈసారి గుళికలకు లోహాన్ని అంటించి, వాటి మీదుగా ప్రోటీన్ల ద్రావణాన్ని పోశాడు. పైభాగంలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఉన్న ప్రోటీన్లు జింకునూ రాగినీ పట్టుకుని ఆగిపోయాయి, మిగతావి కిందికి జారిపోయాయి. హిస్టిడిన్‌కు పక్కగా ఇమిడజోల్ అనే చిన్న వలయం ఉంటుంది. అందులోని నైట్రోజన్ తన దగ్గరున్న ఎలక్ట్రాన్ల జతను లోహానికి అందిస్తుంది. పట్టంతా అక్కడే.

అయితే పొరాత్ గుళికలు లోహాన్ని మూడు చోట్ల మాత్రమే పట్టుకునేవి. అందుకని లోహం కొంచెం కొంచెంగా కారిపోయేది. 1987లో హోహులి, డెబెలి, షాఖర్ దాని బదులు నైట్రిలోట్రైఎసిటిక్ ఆమ్లాన్ని తెచ్చారు. ల్యాబుల్లో దాన్ని ఎన్‌టీఏ అంటారు. నికెల్ అయాన్ చుట్టూ బంధాలకు ఆరు చోట్లుంటాయి. ఎన్‌టీఏ నాలుగింటిని ఆక్రమించి నికెల్‌ను కదలకుండా పట్టేస్తుంది, రెండు ఖాళీగా వదులుతుంది. ఆ రెండూ హిస్టిడిన్ల కోసం. మరుసటి ఏడు ఎలుక ఎంజైమ్ ఒకదానికి రెండు నుంచి ఆరు దాకా హిస్టిడిన్లు తగిలించి చూశారు. ఆరు తగిలిస్తే, ప్రోటీన్ మడతలన్నీ విప్పేసే గ్వానిడిన్ ద్రావణంలో కూడా పట్టు వదల్లేదు. ఇప్పుడు ఊరూరా ల్యాబుల్లో పిల్లలు కూడా ‘హిస్ ట్యాగ్’ అనేది ఆ ఆరింటినే. జర్మనీలో పుట్టిన కియాజెన్ కంపెనీ ఆ గుళికలను ప్రపంచమంతా అమ్మింది.

హైదరాబాద్ జీవశాస్త్ర ల్యాబుల్లో నికెల్ కాలమ్ ఎరగని పరిశోధక విద్యార్థి ఉండడేమో. లేత నీలం రంగు గుళికలు నింపిన వేలెడంత గొట్టం. ఇమిడజోల్ ద్రావణం పోస్తే అది హిస్టిడిన్ల చోటు లాక్కుంటుంది, ప్రోటీన్ దిగివస్తుంది. పొరపాటున లోహాన్ని లాగేసుకునే ఈడీటీఏ పోస్తే నికెల్ మొత్తం ఊడిపోయి గుళికలు తెల్లబడతాయి. డీటీటీ ఎక్కువైతే గోధుమరంగుకు తిరుగుతాయి. కాలమ్ రంగు చూసి ఏం తప్పు జరిగిందో చెప్పే సీనియర్లు ప్రతి ల్యాబులోనూ ఉంటారు.

శుద్ధి కోసం పుట్టిన ఈ పట్టుకు రెండో జన్మ కణత్వచం దగ్గర దొరికింది.

కణం చుట్టూ ఉండే త్వచం నాలుగైదు నానోమీటర్ల మందాన, రెండు వరుసల లిపిడ్ అణువులతో ఏర్పడిన పొర. ఈ పొర గట్టి గోడ కాదు, ద్రవం. లిపిడ్లు తమ వరుసలో తాము అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. కణానికి బయటి నుంచి వచ్చే కబురు లోపలికి చేరేది ఈ పొర దగ్గరే. పొర మీద ఉన్నప్పుడు మాత్రమే సరిగా పనిచేసే ప్రోటీన్లు ఎన్నో ఉన్నాయి. వాటిని నీళ్లలో కలిపి పరీక్షనాళికలో చూస్తే అసలు ప్రవర్తన కనపడదు. పోనీ త్వచంతో సహా ఊడదీద్దామంటే సబ్బులాంటి డిటర్జెంట్లు వాడాలి. వాటి దెబ్బకు చాలా ప్రోటీన్లు పాడవుతాయి. కాబట్టి కృత్రిమ పొర ఒకటి తయారు చేసి, దానికి ప్రోటీన్‌ను తగిలించే ఉపాయం కావాలి.

పొర సంగతి స్టాన్‌ఫర్డ్‌లో హార్డెన్ మెక్‌కానెల్ అప్పటికే చూసుకున్నాడు. గాజు పలక మీద లిపిడ్ పొరను పరిచి, అది ఇంకా ద్రవంగానే ఉంటుందని 1985లో లూకాస్ టామ్‌తో కలిసి చూపించాడు. తగిలించే ఉపాయం మాత్రం 1994లో, దాదాపు ఒకే కాలంలో, రెండు చోట్ల పుట్టింది. జర్మనీలో రాబర్ట్ టాంపే బృందం లిపిడ్ అణువు తలకు ఎన్‌టీఏను అతికించింది. అమెరికాలో ఎవలిన్ కుబాలెక్, స్టూవర్ట్ లె గ్రైస్, ప్యాట్రిక్ బ్రౌన్ అలాంటి లిపిడ్‌తోనే హెచ్‌ఐవీ వైరస్ రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌ను ఒక పొరగా పేర్చి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూడదగ్గ చదును స్ఫటికాలు సాధించారు. రెంటిలోనూ కొత్తగా తయారైంది లిపిడ్ ఒక్కటే. అవతలి వైపు హిస్ ట్యాగ్ అప్పటికే లెక్కలేనన్ని ప్రోటీన్లకు తగిలి ఉంది. ఫ్రీజర్‌లో ఉన్న ప్రోటీన్‌ను తీసి, ఉన్నదాన్ని ఉన్నట్టే పొర మీద వేయొచ్చు. ఈ పద్ధతి ఇంత తొందరగా పాకడానికి కారణం దాని గొప్పతనం కన్నా ఈ సౌకర్యమే అంటాను నేను.

చేసే తీరు ఇదీ. క్లోరోఫామ్‌లో కరిగిన లిపిడ్లను గాజు గొట్టంలో పోసి, నైట్రోజన్ వాయువుతో ఆరబెడతారు. అడుగున కంటికి ఆననంత పలుచని పొర మిగులుతుంది. అందులో నికెల్ లిపిడ్ వాటా సాధారణంగా నూటికి నాలుగైదు పాళ్లకు మించదు. లవణ ద్రావణం పోసి కదిలిస్తే పాలలా తెల్లబడుతుంది. దాన్ని ఒక సిరంజిలోకి తీసుకుని, వంద నానోమీటర్ల రంధ్రాలున్న ప్లాస్టిక్ పొర గుండా అవతలి సిరంజిలోకి, మళ్లీ ఇవతలికి నెడతారు. ఎన్నిసార్లు నెట్టినా ఆ లెక్క బేసి సంఖ్యే కావాలి. అప్పుడే ద్రావణం చివరికి అవతలి సిరంజిలో తేలుతుంది, వడకట్టుకుపోని ముద్దలు మొదటిదాంట్లోనే ఆగిపోతాయి. తెల్లదనం పోయి ద్రావణం తేటపడుతుంది. ఇప్పుడవి చిన్న చిన్న లిపిడ్ బుడగలు. ఆమ్లంతో కడిగిన గాజు మీద వేస్తే బుడగలు పగిలి, ఒకదానితో ఒకటి కలిసి, పొరగా పరుచుకుంటాయి. గాజుకూ పొరకూ మధ్య ఒకటి రెండు నానోమీటర్ల నీరు ఉంటుంది. అక్కణ్నుంచి ఒకటే నియమం, పొరకు గాలి తగలకూడదు. పైపెట్‌లోంచి ఒక్క గాలిబుడగ జారినా ఉదయం నుంచి పడ్డ కష్టం పోయినట్టే.

ఆ తర్వాత ప్రోటీన్ కలిపి, కాసేపాగి, అంటుకోనిదాన్ని కడిగేస్తారు. పొర బతికే ఉందా లేదా అన్నదానికి ఒక పరీక్ష ఉంది. మెరిసే రంగు తగిలించిన ప్రోటీన్ మీద లేజర్‌తో ఒక గుండ్రటి మచ్చలో రంగు మాడ్చేస్తారు. పొర ద్రవంగా ఉంటే చుట్టుపక్కల ప్రోటీన్లు జరుగుతూ వచ్చి ఆ నల్ల మచ్చను పూడ్చేస్తాయి. మచ్చ అలాగే ఉండిపోతే గాజు పలక చెత్తబుట్టలోకే.

ఈ పట్టు ఎంత గట్టిది? నిజానికి గట్టిది కాదు. బయోటిన్, స్ట్రెప్టావిడిన్ జంటతో పోలిస్తే ఒక నికెల్ బంధం కోట్ల రెట్లు బలహీనం. 2008లో బర్క్‌లీలో జెఫ్రీ నై, జే గ్రోవ్స్ ఓపికగా కొలిచి చూస్తే, పొర మీది ప్రోటీన్లలో కొన్ని నిమిషాల్లోనే ఊడిపోతున్నాయి, కొన్ని గంటల తరబడి ఉంటున్నాయి. ఒక్కో నికెల్ రెండు హిస్టిడిన్లను పట్టుకుంటుంది కాబట్టి ఆరు హిస్టిడిన్లకు మూడు నికెల్ లిపిడ్ల దాకా తగులుకోవచ్చు. పొర ద్రవం కావడంతో రెండోదీ మూడోదీ తిరుగుతూ తిరుగుతూ వచ్చి చేరతాయి. ఒక్కదాన్నే పట్టుకున్నది ఊడిపోతుంది, రెండు మూడు దొరికినది నిలుస్తుంది. ఈ సంగతి తెలియక ముందు, ప్రయోగం మధ్యలో పొర మీది ప్రోటీన్ ఎందుకు తగ్గిపోతోందో అర్థం కాక తికమక పడేవారు. తెలిశాక అదే వాటమైంది. ఎంతసేపు కలిపి ఉంచాలి, ఎంతసేపు కడగాలి అన్నదాన్ని బట్టి పొర మీద ప్రోటీన్ సాంద్రతను ఇష్టం వచ్చినట్టు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. మరీ గట్టి పట్టు కావాలనుకునేవాళ్ల కోసం టాంపే, జాకబ్ పీలర్ 2005లో మూడు ఎన్‌టీఏలను ఒకే తలకు తగిలించారు. ఇంకొందరు ట్యాగ్‌నే పది, పన్నెండు హిస్టిడిన్లకు పొడిగించారు.

ఈ పరికరం వెలికి తీసిన వాటిలో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా తోచేది 2010లో బయటపడింది. కణత్వచం వంగి, మొగ్గలా లోపలికో బయటికో ఉబ్బడానికి ప్రత్యేకమైన ప్రోటీన్లు కావాలన్నది పాఠ్యపుస్తకాల మాట. కొన్ని ప్రోటీన్లు వంపుగా ఉండి పొరనూ తమ వంపుకు తెస్తాయి. కొన్ని తమలో ఒక భాగాన్ని మేకులా పొరలోకి దిగేస్తాయి. అమెరికాలో జీన్ స్టాకోవియాక్, కార్ల్ హేడెన్, డ్యారిల్ సాసాకి పెద్ద లిపిడ్ బుడగలు చేసి, లోహాన్ని పట్టే లిపిడ్లు ఒక్కచోటే గుమిగూడేలా చేశారు. అక్కడ హిస్ ట్యాగ్ ఉన్న ప్రోటీన్‌ను వదిలారు. బుడగ మీద నుంచి సన్నని గొట్టాలు మొలుచుకొచ్చాయి. 2012లో వాళ్లూ, మరికొందరూ కలిసి దీన్ని లెక్క కట్టారు. పొర ఉపరితలంలో సుమారు 20 శాతం ప్రోటీన్‌తో నిండితే చాలు, అది వంగుతుంది. వంచింది ఏదో ప్రత్యేకమైన ప్రోటీన్ కానక్కర్లేదు. జెల్లీఫిష్‌లోంచి వచ్చిన ఆకుపచ్చ మెరుపు ప్రోటీన్ కూడా వంచింది. త్వచాలతో దానికి పుట్టుకతో ఏ సంబంధమూ లేదు, వంపు లేదు, మేకూ లేదు.

ఎలాగంటే, కిక్కిరిసిన ఆర్టీసీ బస్సులో ఎవరూ ఎవర్నీ కావాలని తోయరు, అయినా తలుపు దగ్గరున్నవాడు బయటికి ఒరిగిపోతాడు. పొర మీద ప్రోటీన్లు కూడా అటూ ఇటూ కదులుతూ ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి, ఆ ఒత్తిడి పక్కలకు తోస్తుంది. లోపలి వైపు అలాంటి రద్దీ లేదు కాబట్టి పొర బయటికి వంగితే ప్రోటీన్లకు చోటు దొరుకుతుంది. కణంలో వంపులన్నీ ఇలాగే వస్తాయని దీని అర్థం కాదు, ఆ మాట ఆ శాస్త్రవేత్తలూ అనలేదు. కానీ ‘ఈ ప్రోటీన్‌కు వంచే ప్రత్యేక శక్తి ఉంది’ అని ఆ తర్వాత ఎవరు రాసినా, ముందు ఈ గుంపు ఒత్తిడిని తీసేసి చూపించాల్సి వచ్చింది.

రోగనిరోధక కణాల పరిశోధకులు ఈ పద్ధతిని తమ సొంతం చేసుకున్నారు. 2016లో షియావోలెయ్ సు, జొనాథన్ డిట్లెవ్, మైకేల్ రోసెన్, రొనాల్డ్ వేల్ తదితరులు టీ కణంలో కబురు మోసే లాట్ అనే ప్రోటీన్‌ను నికెల్ లిపిడ్ పొర మీద పరిచి, దాని తోటి ప్రోటీన్లను ఒక్కటొక్కటిగా చేర్చారు. చెల్లాచెదురుగా ఉన్న లాట్ అణువులు వాటంతటవే ద్రవబిందువుల్లా గుమిగూడాయి. సంకేతాన్ని ఆర్పేసే సీడీ45 ఆ గుంపులకు బయటే ఉండిపోయింది, సంకేతాన్ని పెంచే జాప్70 లోపలికి చేరింది. అదే ఏడు బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లో డేరియస్ కోస్టర్, మదన్ రావు, సత్యజిత్ మేయర్ తదితరులు పది హిస్టిడిన్ల ట్యాగ్ ఉన్న ఎజ్రిన్ అనే ప్రోటీన్ ముక్కతో ఆక్టిన్ తీగలను పొరకు ముడేసి, మయోసిన్ అనే ప్రోటీన్ వాటిని లాగుతున్నప్పుడు పొర మీది అణువులు ఎలా పోగవుతాయో చూశారు.

పరిమితులు లేకపోలేదు. ఈడీటీఏ వాడాల్సిన ప్రయోగానికి ఇది పనికి రాదు. కొన్ని మెరిసే రంగులను నికెల్ మసకబారుస్తుంది. అన్నిటికీ మించి, కణంలో ఏ ప్రోటీనూ నికెల్‌ను పట్టుకుని వేలాడదు. కణం చేసే పనికి కనీసం ఏం చాలు అన్నది ఈ పరికరం చెప్పగలదు. కణం నిజంగా అలాగే చేస్తుందా అన్నది మళ్లీ కణాన్నే అడగాలి.

ఈ పరిమితినే ప్రశ్నగా మార్చుకున్న ప్రయోగం పుణేలో జరిగింది. హైదరాబాద్ సీసీఎంబీలో అమితాభ చటోపాధ్యాయ దగ్గర త్వచాల మీద పీహెచ్‌డీ చేసిన థామస్ పుకాడిల్, పుణే ఐసర్‌లో డైనమిన్ మీద పనిచేస్తున్నాడు. డైనమిన్ త్వచాన్ని కత్తిరించే ప్రోటీన్. మొగ్గ తొడిగిన త్వచం మెడ చుట్టూ చుట్టలా చుట్టుకుని, బిగించి, తెంపుతుంది. నరాల చివర పాత త్వచాన్ని తిరిగి వాడుకోవడానికి ఇది తప్పనిసరి. ఇందులో లోపమున్న షిబిరే ఈగలను కాస్త వేడి చేస్తే చచ్చుబడి పడిపోతాయి, చల్లబరిస్తే లేచి తిరుగుతాయి. డైనమిన్‌కు పీహెచ్ డొమైన్ అనే భాగం ఉంది. త్వచంలోని ఒక ప్రత్యేకమైన లిపిడ్‌ను పట్టుకునేది అదే. కానీ బ్యాక్టీరియాలోనూ మైటోకాండ్రియాలోనూ ఉండే డైనమిన్ బంధువులకు ఆ భాగమే లేదు. మరి ఉన్నవాటికి అది దేనికి?

2017లో సృష్టి దర్, పుకాడిల్ పీహెచ్ డొమైన్‌ను కోసేసి, ఆ చోట హిస్టిడిన్ల వరుస పెట్టారు. ఇప్పుడు డైనమిన్ త్వచాన్ని పట్టుకునేది నికెల్ లిపిడ్‌తోనే, మరే గుర్తింపూ లేదు. లిపిడ్ గొట్టాల మీద వదిలి మైక్రోస్కోప్‌లో చూస్తే, అలా మార్చిన డైనమిన్ గొట్టాన్ని చుట్టుకుంది, బిగించింది, తెంపింది. అంటే కత్తిరించడానికి పీహెచ్ డొమైన్ తప్పనిసరి కాదు. కాకపోతే ఒక్కో గొట్టాన్నీ విడిగా గమనిస్తే, బాగా బిగుసుకున్నాక తెగకుండా చాలాసేపు అలాగే నిలిచిపోతోంది. మొత్తం మీద వేగం పది రెట్లు తగ్గింది. పీహెచ్ డొమైన్ పని పట్టుకోవడం ఒక్కటే అయితే నికెల్ ఆ లోటు తీర్చాలి. తీర్చలేదు. ఆఖరి క్షణంలో తెంపడాన్ని తొందరపెట్టేది ఆ భాగమేనని వాళ్లు తేల్చారు. ఎడతెగకుండా సంకేతాలు పంపే నరానికి ఆ తొందర కావాలి. బ్యాక్టీరియాకు అంత తొందర లేదు.