దగ్గితే లీకవుతోందా? దాచుకోకండి!

కాన్పుల తర్వాత మూత్రం ఆపుకోలేకపోవడం వయసుతో వచ్చే ఖర్మ కాదు. చాలామందిలో అది కండరాల బలహీనత. సరైన వ్యాయామంతో అదుపులోకి తెచ్చుకోవచ్చు.

తిరువూరు నుంచి విజయవాడ బస్సెక్కాలంటే పొద్దుటి నుంచీ నీళ్లు ముట్టని మహిళలు ఎందరో. మామిడి తోటలో కాయల ట్రే ఎత్తినా, మిర్చి ఘాటుకు గట్టిగా తుమ్మినా నాలుగు చుక్కలు పడిపోతాయి. ‘ఇద్దరు పిల్లల్ని కన్నాక ఇవన్నీ మామూలే’ అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. మీరూ అలాగే సర్దుకుపోతున్నారా? ఇది చాలామందిలో కనిపించే సమస్యే. అలాగని భరించాల్సిన పని లేదు.

అసలేం జరుగుతుంది?

పొత్తికడుపు అడుగున, ముందు ఎముక నుంచి వెనక తోక ఎముక వరకు ఊయలలా పరచుకున్న కండరాలు ఉంటాయి. వీటినే పెల్విక్ ఫ్లోర్ అంటారు. మూత్రాశయం, గర్భసంచి, పెద్దపేగు చివరి భాగానికి ఇవే ఆధారం. మూత్రం, మలం ఆపుకోగలిగేదీ వీటి బలంతోనే. గర్భంతో ఉన్నప్పటి బరువు, కష్టమైన కాన్పు, నెలసరి ఆగిపోవడం, అధిక బరువు, ఏళ్ల తరబడి మలబద్ధకం, దీర్ఘకాలిక దగ్గు, రోజూ బరువులెత్తే పని... ఇవన్నీ ఆ కండరాలను సడలిస్తాయి. సిజేరియన్ అయినవారికీ ఈ ఇబ్బంది రావచ్చు. ప్రొస్టేట్ ఆపరేషన్ తర్వాత మగవాళ్లలోనూ కనిపిస్తుంది.

నీళ్లు మానేస్తే తగ్గుతుందా?

తగ్గదు. నీళ్లు తక్కువైతే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని చికాకు పెడుతుంది. మలబద్ధకం పెరుగుతుంది, ఇన్ఫెక్షన్లకూ అవకాశం ఎక్కువ. పక్కనున్న ఎ.కొండూరు మండలంలో కిడ్నీ జబ్బుల తీవ్రత మీకు తెలిసిందే. ఎండలో పనిచేస్తూ దాహాన్ని చంపుకోవడం మంచిది కాదు. ఇప్పటికే కిడ్నీ, గుండె జబ్బులున్నవారు మాత్రం ఎన్ని నీళ్లు తాగాలో డాక్టర్‌నే అడగాలి.

‘గర్భసంచి తీయించేసుకుంటే పీడా పోతుంది’ అనుకోవడం మరో పొరపాటు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో ఈ ఆపరేషన్లు ఎక్కువగా జరిగిన రాష్ట్రాల్లో మనదీ ఒకటి. దగ్గితే, తుమ్మితే మూత్రం లీక్ కావడానికి అది చికిత్స కాదు.

వ్యాయామం ఇలా...

అమెరికాకు చెందిన గైనకాలజిస్ట్ ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ఈ వ్యాయామాలను వైద్యలోకం దృష్టికి తెచ్చారు. అందుకే వీటికి ఆయన పేరే స్థిరపడింది.

● మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకోండి. నలుగురిలో ఉన్నప్పుడు గ్యాస్ ఆపుకుంటున్నట్టుగా లోపలి కండరాలను బిగించి పైకి లాగండి.

● వీలైతే 5 సెకన్లు పట్టి ఉంచండి. తర్వాత అంతే సమయం పూర్తిగా వదిలేయండి. ఇలా 8 సార్లు, రోజుకు మూడు పూటలు చేయాలి.

● ఊపిరి బిగపట్టకూడదు. పొట్ట, పిరుదులు, తొడలు బిగించకూడదు.

● మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపడాన్ని వ్యాయామంగా చేయకండి.

● బరువెత్తేముందు, దగ్గు వస్తుందనిపించినప్పుడు ఈ కండరాలను ఒకసారి బిగించడం అలవాటు చేసుకోండి.

ఫలితం వారంలో రాదు. కనీసం 3 నెలలు క్రమం తప్పకుండా చేయాలి.

ఫిజియోథెరపిస్ట్ ఎందుకు?

చాలామంది బిగించాల్సిన కండరాన్ని వదిలేసి పొట్ట బిగిస్తారు, లేదా కిందికి ముక్కుతారు. దానివల్ల లాభం లేకపోగా నష్టం జరగొచ్చు. కొందరిలో ఈ కండరాలు సడలి కాదు, మరీ బిగుసుకుపోయి ఉంటాయి. కలయికలో నొప్పి, మూత్రం ధారగా రాకపోవడం దాని లక్షణాలు. వీళ్లకు ముందుగా కండరాలను వదులు చేసే పద్ధతులు కావాలి. ఆ తేడా పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ‘పరుగెత్తి బాత్రూమ్‌కు వెళ్లేలోపే అయిపోతోంది’ అనేవారికి, మూత్రానికి వెళ్లే వ్యవధిని కొద్దికొద్దిగా పెంచే శిక్షణ కూడా ఇస్తారు.

మొదటిసారి వెళ్లినప్పుడు కాన్పులు, ఆపరేషన్లు, మలవిసర్జన గురించి అడుగుతారు. ఎన్నిసార్లు మూత్రానికి వెళ్తున్నారో 3 రోజులు రాసుకు రమ్మనవచ్చు. లోపలి పరీక్ష అవసరమైతే మీ అనుమతితోనే చేయాలి. తోడుగా మరో మహిళ ఉండాలని కోరవచ్చు, వద్దనీ చెప్పవచ్చు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు తిరువూరు ప్రభుత్వాసుపత్రిలోనో, మీకు తెలిసిన గైనకాలజిస్ట్ దగ్గరో చూపించుకోండి. సిగ్గుగా ఉంటే మీ ఊరి ఏఎన్ఎం, ఆశా కార్యకర్తకు చెప్పండి. ‘దగ్గితే మూత్రం పడిపోతోంది’ అన్న ఒక్క మాట చాలు. మోకాళ్లు, నడుము నొప్పులు చూసే ఫిజియోథెరపిస్టులందరికీ ఇందులో శిక్షణ ఉండకపోవచ్చు. అందుకే ‘పెల్విక్ ఫ్లోర్ సమస్యలు చూస్తారా?’ అని ఫోన్‌లోనే అడగండి. స్థానికంగా దొరక్కపోతే విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్‌లలో గైనకాలజీ ఓపీకి వెళ్లి సలహా తీసుకోవచ్చు. పద్ధతి ఒకసారి సరిగ్గా నేర్చుకుంటే, రోజువారీ సాధన ఇంట్లోనే.

ఇవి ఉంటే ఆలస్యం వద్దు

మూత్రంలో రక్తం, మంటతో జ్వరం, యోనిలోంచి కండ జారినట్టు అనిపించడం, కాన్పు లేదా ఆపరేషన్ తర్వాత రోజంతా మూత్రం కారుతూనే ఉండటం... వీటికి వ్యాయామం ఒక్కటే సరిపోదు, డాక్టర్‌కు చూపించాలి. మూత్రం పూర్తిగా ఆగిపోయినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, కాళ్లలో హఠాత్తుగా బలం తగ్గినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.