నేర్పిన మాట, తెలిసిన మాట
బాప్తిస్మానికి ముందు ‘నీ విశ్వాసమేమిటి?’ అనడిగితే చాలామంది మేము నేర్పిన మాటలే మాకు అప్పజెబుతారు. తప్పు వారిది కాదు, మాదే.

యోహాను సువార్త 9వ అధ్యాయంలోని పుట్టుగుడ్డివానికి ఎవరూ జవాబులు నేర్పలేదు. యేసు తన కళ్లమీద బురద పూశాడని, సిలోయము కోనేట్లో కడుక్కుంటే చూపొచ్చిందని జరిగింది జరిగినట్టు చెప్పాడు. సమాజమందిరం నుండి వెలివేస్తారని భయపడిన తల్లిదండ్రులు ‘వాడినే అడగండి’ అన్నట్టు తప్పుకున్నారు. అతడు తప్పుకోలేదు. మొదట ఆయనను మనుష్యుడన్నాడు, తర్వాత ప్రవక్తన్నాడు, వెలివేశాక ప్రభువని మొక్కాడు.

వేదాంత కళాశాలలో మేము చదివిన విశ్వాస ప్రమాణాలూ అవసరమే. అయితే ఈసారి బాప్తిస్మం కోరినవారిని ‘ప్రభువు మీకేం చేశాడు?’ అని మాత్రమే అడిగాం. ఒక వృద్ధురాలు చాలాసేపు ఆలోచించి, ‘‘రాత్రుళ్లు నిద్ర పడుతోంది అయ్యగారూ’’ అంది. మేమింకేమీ అడగలేదు.