జ్వరం తగ్గిందని మందు ఆపకండి!

నాతవరం: తాండవ ఆయకట్టు చేలకైనా, మేకల మందకైనా రాత్రిపూట కాపలా కుక్కే. ఆ కుక్క రెండు రోజులుగా అన్నం ముట్టకుండా మూలన పడుకుంటే ‘ఎండదెబ్బలే’ అని వదిలేయకండి. చెవుల లోపల, వేళ్ల సందుల్లో చూడండి. పిడుదులు (గోమార్లు) కనబడితే పిడుదు జ్వరమని అనుమానించాలి.

గుర్తించడం ఎలా?

పిడుదు రక్తం పీల్చేటప్పుడు ఎర్లీషియా, బెబీసియా అనే సూక్ష్మజీవులు కుక్క ఒంట్లోకి చేరతాయి. ఇది కొత్త జబ్బేమీ కాదు. బెబీసియాలో ఒక రకాన్ని 1910లోనే మద్రాసు వేటకుక్కల్లో గుర్తించారు.

జ్వరం 103 డిగ్రీలు దాటుతుంది. చిగుళ్లు పాలిపోతాయి. ముక్కు నుంచి రక్తం కారినా, పొట్టమీద ఎర్రచుక్కలు లేచినా ఎర్లీషియా కావచ్చు. మూత్రం కాఫీ రంగులో వస్తే బెబీసియా కావచ్చు. రెండూ కలిసి కూడా వస్తాయి. అందుకే పశువైద్యునితో రక్తపరీక్ష చేయించాలి.

వైద్యం

ఎర్లీషియాకు డాక్సీసైక్లిన్ బాగా పనిచేస్తుంది. కిలో బరువుకు రోజుకు 10 మిల్లీగ్రాముల లెక్కన, సాధారణంగా 28 రోజులు వాడాలి. మాత్రను అన్నంతో పెట్టి, తర్వాత నీళ్లు తాగించండి. బెబీసియాకు మందులు వేరు. ఏది వాడాలో డాక్టరే చెప్పాలి.

చాలామంది పొరపడేది ఇక్కడే. మూడు నాలుగు రోజుల్లో కుక్క లేచి తిరుగుతుంది. ‘నయమైంది కదా’ అని మందు ఆపేస్తారు. క్రిమి ఒంట్లోనే దాగి, కొన్ని నెలల తర్వాత మూలుగను దెబ్బతీస్తే రక్తం తయారుకాదు. అప్పుడు బతికించడం కష్టం.

ఇవి చేయకండి

పొలానికి కొట్టే పురుగుమందు కుక్కకు పూయవద్దు. నాకితే ప్రాణం పోతుంది. మనుషులు వేసుకునే జ్వరం, నొప్పుల మాత్రలు ఇవ్వవద్దు. పిడుదులను వేళ్లతో నలపవద్దు. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా లాగి, సబ్బునీళ్లలో వేయండి.

గోడ సంగతి మరవకండి

కడుపు నిండిన ఆడ పిడుదు కుక్కను వదిలి గోడ పగుళ్లలోకి వెళ్లి వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. కుక్కను ఎంత శుభ్రం చేసినా గోడలో పిల్లలు పుడుతూనే ఉంటాయి. కాబట్టి పగుళ్లు పూడ్చి, సున్నం వేయండి. కుక్క పడుకునే గోనెసంచులు మరిగే నీళ్లలో ఉడకబెట్టండి. పిడుదుల మందు ఏది, ఎంత మోతాదో డాక్టరును అడిగే వాడండి.

మందు మొదలుపెట్టిన రోజున గోడమీద తేదీ రాసుకోండి. డాక్టరు చెప్పిన చివరి మాత్ర పడేదాకా దాన్ని చెరపకండి.