కంటి పొరయు, వంశ బీజమును

వార్ధక్యమున కంట పొర క్రమ్ముట రైతు కుటుంబములలో తరచుగా చూచునదే. "మా నాయనకు వచ్చినది, నాకును రాక మానదు, నొసటి వ్రాత" యని మా గూడూరు ప్రాంతపు రైతులు కొందరు వైద్యుని యొద్దకే పోకుందురు. ఈ మాటలో సత్యమెంతయో విచారింతము.

కనుపాప వెనుక నిర్మలమైన కటకమొకటి కలదు. దాని నడిమి భాగమందలి మాంసకృత్తులు చాలవరకు పుట్టుకకు ముందే యేర్పడి, జీవితాంతము మారక నిలుచును. ఏండ్లు గడచిన కొలది అవి చెడి, ముద్దగట్టి, వెలుతురు నడ్డగించును. దీనినే శుక్లమందురు. వాడుకలో పొర యందురు గాని, యిది కంటి పైన నుండునది కాదు. కావున చుక్కల మందులకు కరగదు.

ఇంగ్లండులో 500కు పైగా కవల స్త్రీల జంటలను పరీక్షించి 2000వ సంవత్సరమున ఫలితము ప్రకటించిరి. ఒకే అండమున పుట్టిన కవలలకు వంశ బీజమంతయు సమానము; వేర్వేరు అండముల వారికి తోబుట్టువులకు వలె సుమారు సగమే సమానము. మొదటివారి కటకములే యెక్కువగా పోలియుండెను. నడిమి భాగపు శుక్లమున మనిషికి మనిషికి గల భేదములో నూటికి 48 పాళ్లు వంశమునకు, 38 వయస్సునకు, 14 పరిసరములకు చెందునని లెక్క తేలెను.

ఈ లెక్కను రైతులు సులభముగా గ్రహింపగలరు. ఒకే మడిలో, ఒకే యెరువుతో రెండు వరి రకములను నాటినచో, దిగుబడి భేదమంతయు విత్తనముదే యని తోచును. ఒకదానికి నీరు తప్పినచో లెక్క మారును. ఆ కవలలు ఒకే దేశమున, ఇంచుమించు ఒకే రీతి జీవనము గలవారు. మండుటెండలో ఊడ్చుచు, చుట్ట కాల్చు మనవారికి ఆ పాళ్లు యథాతథముగా చెల్లవు. పైగా 48 పాళ్లనగా తండ్రికి వచ్చినచో కొడుకునకు సగము వచ్చుననియు కాదు.

విత్తనమును మార్చలేము, సేద్యమును మార్చగలము. పొగాకు మానవలెను. మధుమేహమును అదుపున నుంచవలెను. ఎండలో టోపీయో గొడుగో ధరింపవలెను. ఇంట పెద్దలకు శుక్లము వచ్చియున్నవారు నలువదియేండ్లు దాటగనే కన్నులు చూపించుకొనుట మేలు.

1996–2000 నడుమ హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వారు ఉమ్మడి ఆంధ్రప్రదేశమున జరిపిన పరిశీలనలో, అంధత్వమున నూటికి 44 పాళ్లకు శుక్లమే కారణమని తేలినది. శస్త్రచికిత్సచే కృత్రిమ కటకము నమర్చినచో, కంటికి వేరు జబ్బు లేనివారికి చూపు మరల వచ్చును. పొర పండువరకు ఆగనక్కరలేదు. మిగుల ముదిరిన, చికిత్స కష్టమగును. బీజము వంశమునుండి వచ్చినను, చికిత్స మన చేతిలోనిది. సంఘ సభ్యులు తమ యిండ్ల వృద్ధులను కోతలు ముగియగనే వైద్యునికి చూపింతురు గాక.