గీయడం తేలిక, ఆడించడం కష్టం

కంప్యూటర్ గ్రాఫిక్స్ తొలినాళ్లలో బొమ్మ గీయడానికి గంటలు పట్టినా సర్దుకునేవారు. గీసిన వాటిని టీవీ వేగంతో ఆడించడం దగ్గరే అసలు పేచీ. మన పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు. ఒక్కో ఫ్రేములో 720×576 చుక్కలు, చుక్కకు రెండు బైట్లు: మొత్తం 8,29,440. సెకనుకు రెండు కోట్ల బైట్ల పైమాటే. 1990ల మొదట్లో మామూలు పీసీ హార్డ్ డిస్కు సెకనుకు ఒకటి రెండు మెగాబైట్లు అందిస్తే గొప్ప. కొల్లేరు పక్కనున్న గుండుగొలను వాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. బుడమేరు, తమ్మిలేరు ఎంత తెచ్చి పోసినా కొల్లేరు నీళ్లు సముద్రానికి పోవాల్సింది ఉప్పుటేరు గుండానే.

అందుకే మొదట టేపును నమ్ముకున్నారు. ఫ్రేము తయారవగానే రికార్డరు టేపును కొన్ని సెకన్లు వెనక్కి తిప్పి, వేగం పుంజుకుని, ఆ ఒక్క ఫ్రేమునూ రాసి ఆగేది. మళ్లీ వెనక్కి. ఫ్రేముకు అరనిమిషం అనుకున్నా పది సెకన్ల టైటిల్‌కు రెండు గంటలు దాటుతుంది. టేపూ అరిగేది, హెడ్డూ అరిగేది.

1980ల్లో కాలిఫోర్నియా కంపెనీ అబెకస్ ఏ60 అనే డిస్కు రికార్డరు తెచ్చింది. ఈథర్‌నెట్ తీగ మీదుగా కంప్యూటర్ నుంచి నేరుగా ఫ్రేములు తీసుకునేది. పట్టేది 25 సెకన్ల వీడియో! నవ్వొస్తుంది గాని, నకలు మీద నకలు తీసినా బొమ్మ మసకబారేది కాదు. పెద్ద స్టూడియోలకే అందే సరుకు.

చిన్న స్టూడియోలకు దారి చూపింది జేపెగ్ కుదింపు. కెనడా కంపెనీ డీపీఎస్ 1990ల మధ్యలో అమిగా కంప్యూటర్‌కు పర్సనల్ యానిమేషన్ రికార్డర్, ఆ తర్వాత పీసీకి పర్సెప్షన్ కార్డు చేసింది. ప్రతి ఫ్రేమునూ విడిగా కుదించి, కార్డుకే తగిలించిన సొంత డిస్కులో రాసేది. కంప్యూటర్ నెమ్మదితనంతో దానికి పనిలేదు. పర్సెప్షన్‌లో నాకు నచ్చే గడుసుదనం ఇంకొకటి. యానిమేషన్ సాఫ్ట్‌వేర్ మామూలు బొమ్మ ఫైలు దాస్తున్నాననుకుంటుంది. కార్డు దాన్ని అందుకుని వీడియోలో కలిపేస్తుంది. చివరి ఫ్రేము పడగానే ప్లే నొక్కడమే.

(సినిమా గ్రాఫిక్స్ దారి వేరు. వాటిని ఫ్రేము ఫ్రేముగా ఫిల్ముకెక్కిస్తే చాలు, ఆడించే భారం హాల్లో ప్రొజెక్టరుది.)

ఈటీవీ, జెమిని మొదలైన 1995లోనే డీవీ టేపు కూడా వచ్చింది. దానికి సెకనుకు నాలుగు మెగాబైట్లలోపే చాలు. మామూలు డిస్కులు ఆ వేగాన్ని దాటిపోయాక పెళ్లి వీడియో మిక్సింగ్ చేసే కుర్రాళ్లకు, కెమెరా నుంచి వీడియోను కంప్యూటర్‌లోకి తెచ్చే ఫైర్‌వైర్ కార్డు సరిపోయింది. 2000లో డీపీఎస్‌ను లీచ్ కంపెనీ కొనేసింది.

ఒక్క మాట. డీపీఎస్ కార్డులు డిస్కులో రాసింది తమ సొంత పద్ధతిలో. ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో పాత స్టూడియో సామానులో అలాంటి డిస్కు కనబడితే, పక్కనున్న కార్డును తుక్కు కింద అమ్మేయకండి. అది లేనిదే అందులోని వీడియో బయటకు తీయడం చాలా కష్టం.