వేషము - నాటకము

ఆగస్టు 15 వచ్చినదంటే మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల బడులలో మూరెడేసి గాంధీలు, ఝాన్సీ రాణులు బయలుదేరుతారు. ఒకరి చేత కర్ర, ఒకరి చేత అట్టకత్తి. తల్లి మీసమో బొట్టో దిద్దుతుంది. తండ్రి ఫోటో తీస్తాడు. మాస్టారు పేరు పిలవగానే బిడ్డ వేదికెక్కి, నేర్చిన రెండు ముక్కలు అప్పజెప్పి దిగిపోతుంది. ముచ్చటైన సంగతే, కాదనలేము. అయినప్పటికిన్నీ అది వేషమే గాని నాటకం కాదు. ఆ గాంధీగారు ఎవరితో మాట్లాడుతున్నారో, ఎక్కడికి నడుస్తున్నారో పిల్లవానికి తెలియదు. ఎదుట మరొక పాత్ర లేదు గదా!

మేడ్చల్‌కు నైరుతి దిక్కున, శేరిలింగంపల్లిలో, నాటకమంటే ఏమిటో పుట్టుకతో ఎరిగిన కుటుంబాలున్నవి. వారు సురభివారు. తోలుబొమ్మలాడించుకొని బ్రతికిన వంశంలోని వనారస గోవిందరావుగారు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో బొమ్మలను దించి మనుష్యులను నిలబెట్టి 'కీచకవధ' ఆడించినారు. మగవారే ఆడవేషాలు కట్టే ఆ రోజులలో ఆ యింటి స్త్రీలే స్త్రీ పాత్రలు ధరించడం సామాన్యమైన సాహసం కాదు. తాత హార్మోనియం ముందు కూర్చుంటే, తండ్రి రాజు, తల్లి రాణి, చంకబిడ్డ బాలకృష్ణుడు. తెరలు కట్టడమూ, రంగులు పూయడమూ, వంట వండడమూ ఆ చేతులే. 1932లో విడుదలయిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి నాటకం నడుస్తూండగానే జన్మించినదని చెప్పుకుంటారు. ఒకప్పుడు పదులకొద్దీగా ఉన్న సురభి సమాజాలు నేడు వ్రేళ్ళమీద లెక్కింపదగినన్ని మాత్రమే మిగిలినవి. 2013లో సురభి నాగేశ్వరరావు (బాబ్జీ) గారికి పద్మశ్రీ లభించినది. 2022లో ఆయన కన్నుమూసినారు.

సురభివారికి పేరు తెచ్చినవి ముఖ్యంగా పురాణ కథలు. ఘటోత్కచుని మాయలూ, గాలిలో తేలివచ్చే నారదుడూ చూచిన పిల్లవాడు ముసలివాడయినా వాటిని మరువడు. చరిత్రకు అంతటి భాగ్యం ఎందుకు పట్టరాదు?

తెలుగునాట చారిత్రక నాటకాలకు కొదవ లేదు. వేదము వేంకటరాయశాస్త్రిగారు 1897లో 'ప్రతాపరుద్రీయము' వెలయించినారు. రాజు ఢిల్లీకి బందీగా పోవడం, మంత్రి యుగంధరుడు పిచ్చివాడుగా నటించి వెళ్ళి ఆయనను విడిపించడం అందులో కథ. చాకలి పేరిగాడు తన భాషలోనే మాట్లాడతాడు. పాత్రకు తగిన పలుకు ఉండవలెనని శాస్త్రిగారి పట్టుదల. ప్రేక్షకుడు యుగంధరుని బుద్ధికి మురిసిపోయి యింటికి వెళతాడు.

కాని శాసనం వేరొక మాట చెప్పుచున్నది. 1323లో ఓరుగల్లు పడిపోయిన పిమ్మట, ప్రతాపరుద్రుడు ఢిల్లీ చేరక మునుపే నర్మదా తీరాన మరణించినాడని ముసునూరి ప్రోలయ నాయకుని విలస తామ్రశాసనం. 1423 నాటి అనితల్లి కలువచేరు శాసనమైతే ఆయన స్వేచ్ఛగానే ప్రాణం విడిచినాడన్నది. నాటకంలో రాజు తిరిగివచ్చినాడు, చరిత్రలో రాలేదు. ఇందులో శాస్త్రిగారి తప్పేమీ లేదు, ఆయన వ్రాసినది నాటకం. చిక్కల్లా ఉపాధ్యాయునిది. రంగస్థలం మీద కంటితో చూచినదానిని పిల్లవాని మనస్సులోనుండి పాఠ్యపుస్తకం చెరపలేదు. కనుక మొదట నాటకం ఆడించి, మరునాడు తరగతిలో విలస శాసనం చదివి వినిపించవలెను. రాజు ఎందుకు బ్రతికివచ్చినాడని అప్పుడు పిల్లలే అడుగుతారు. ఆ ప్రశ్న కోసం ఒక పీరియడ్ పోయినా నష్టం లేదు.

మేడ్చల్, శామీర్‌పేట ఉపాధ్యాయులకు ఓరుగల్లుదాకా పోవలసిన పని కూడా లేదు. శామీర్‌పేటకు ఆగ్నేయాన కీసరగుట్ట వద్ద త్రవ్వకాలలో విష్ణుకుండినుల నాటి ఇటుక కట్టడాలు బయటపడినవి. అంతకంటె దగ్గరిది మరొకటి యింట్లోనే ఉన్నది. 1948 సెప్టెంబరు 13న భారత సేనలు హైదరాబాదు రాజ్యంలో ప్రవేశించినవి. 17న నిజాం లొంగుబాటు ప్రకటించినాడు. ఆ అయిదు దినాలను బాల్యంలో చూచినవారు ఇప్పుడు ఎనుబది యేండ్లు దాటినవారు. రజాకార్ల భయంతో తలుపులు బిగించుకొన్న రాత్రిని వారిలో ఎవరైనా మనుమడికి చెప్పి, ఆ మనుమడు ఆ తలుపు వేసే పాత్ర ధరించి, తల్లి దీపం ఆర్పే పాత్ర ధరిస్తే ఎట్లుంటుంది? సురభివారి తెరలూ తంత్రాలూ అక్కరలేదు. ఒక వాకిలి, ఒక లాంతరు, నలుగురు మనుషులు చాలు.

సంభాషణ వ్రాసిచ్చేవారు లేరని దిగులు పడనక్కరలేదు. మనుమడు తప్పుగా నిలబడితే, మంచంమీది తాతగారే లేచివచ్చి, ఆ రాత్రి ఎవరు ఎక్కడ నక్కి కూర్చున్నారో చూపి సరిదిద్దుతారు.