సగటు పొలం ఎవరికీ లేదు

మసూరి వరిని మన పరీక్షా క్షేత్రాలు ఒకప్పుడు పక్కన పెట్టేశాయి. 1965లో మలేషియాలో విడుదలైన ఆ వంగడం ఇక్కడికి వచ్చాక, ఎరువు దిట్టంగా వేసిన మడుల్లో ఎత్తుగా పెరిగి పడిపోయింది. ఆ లెక్కన అది పనికిరానిదే. కానీ ఆంధ్రలో రైతుల చేతికి చిక్కిన గింజలు ఊరి నుంచి ఊరికి పాకాయి. ఎరువులు అంతగా కొనలేని రైతు చేలో ఆ వరి నిలబడింది, అన్నం కూడా నచ్చింది. చివరికి దేశంలో విరివిగా సాగయ్యే వరుల్లో ఒకటైంది. మారుటేరు కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ, బాపట్ల కేంద్రం 1986లో ఇచ్చిన సాంబ మసూరి, రెండింటి వంశంలోనూ మసూరి ఉంది. తెలుగు నేల దేశానికి ఇచ్చిన రెండు గొప్ప వంగడాలకు తల్లివేరు, అధికారిక కొలతలో ఓడిన వరి! ఆ పరీక్షలు చేసినవారి శ్రద్ధను శంకించనక్కర్లేదు. వారికి అప్పగించిన ప్రశ్నే ఇరుకైనది: సిఫారసు చేసినంత ఎరువు, అడిగినంత నీరు ఇస్తే సగటున ఏది ఎక్కువ పండుతుంది? అలాంటి సగటు పొలం ఎవరికీ లేదు. ఒకరిది కాలువ చివరి భూమి, ఒకరిది చౌడు, ఇంకొకరిది ఏటా మునిగే పల్లం. ఎవరి పొలానికి, ఏ అవసరానికి అన్నది తేల్చుకున్నాకే కొత్త వంగడం పని మొదలుపెట్టాలి.

జొన్నలో ఈ సంగతి ఇంకా తేటగా కనిపిస్తుంది. దేశంలో తొలి హైబ్రిడ్ జొన్న సీఎస్‌హెచ్-1 1964లో వచ్చింది. గింజ దిగుబడిలో నాటు రకాలు దానికి సాటి రాలేదు. ఖరీఫ్‌లో హైబ్రిడ్లు విస్తరించాయి కూడా. రబీ నల్లరేగళ్లలో మాత్రం, 1930లలో మహారాష్ట్రలో ఎంపికైన మాల్దండి దశాబ్దాల తరబడి చెక్కుచెదరలేదు. రొట్టె బాగుంటుంది, చొప్ప బాగుంటుంది. పశువులున్న ఇంట చొప్ప కూడా పంటే. హైదరాబాద్ పాడి పశువుల కోసం జరిగే చొప్ప వ్యాపారాన్ని పరిశోధకులు పరిశీలిస్తే, పశువుకు జీర్ణమయ్యే గుణంలో అయిదు శాతం తేడాకే ధరలో 20 శాతానికి పైగా తేడా కనిపించింది. గింజ తూకం ఒక్కటే రాసుకునే రిజిస్టరులో ఈ ఆదాయానికి చోటు లేదు. కొత్త రకాన్ని వద్దన్న రైతును వెనకబడినవాడని అనుకున్న రోజుల్లో, నిజానికి ఆ రైతు మొత్తం లెక్క చూసుకున్నాడు.

ముంపు భూముల చరిత్ర మరో పాఠం చెబుతుంది. ముంపును తట్టుకునే వరి రకాలను శాస్త్రవేత్తలు 1990లలోనే తయారుచేశారు. రైతులు వాటిని పెద్దగా ఆదరించలేదు, ఎందుకంటే ఆ గింజ, ఆ తీరు వారికి అలవాటైనవి కావు. ఒడిశా, బెంగాల్ పల్లపు భూముల్లో రైతులు అప్పటికే మన స్వర్ణను తమదిగా చేసుకున్నారు. నీట మునిగినప్పుడు మామూలు వరి పైకి అందుకోవాలని సాగి, దాచుకున్న పిండి పదార్థమంతా ఖర్చు చేసుకుని చచ్చిపోతుంది. ఒడిశా నాటు వరి నుంచి ఎంపికైన ఎఫ్‌ఆర్ 13ఏ మాత్రం ఎదుగుదల ఆపి, నీరు తీశాక తిరిగి చిగురిస్తుంది. దీనికి కారణమైన సబ్-1 జన్యువును 2006లో గుర్తించారు. దాన్ని స్వర్ణలోకి చేర్చగా వచ్చిన స్వర్ణ సబ్-1 మన దేశంలో 2009లో విడుదలైంది. రెండు వారాల దాకా నీటిని ఓర్చుకుంటుంది, మిగతా గుణాలన్నీ స్వర్ణవే. ఒడిశా పొలాల్లో చేసిన అధ్యయనంలో, పది రోజులు మునిగినచోట ఇది స్వర్ణ కన్నా సుమారు 45 శాతం ఎక్కువ పండింది. ముంపు రాని చోట తక్కువేమీ పండలేదు. అందరికన్నా ఎక్కువ మేలు జరగగలిగేది దళిత రైతులకని అదే అధ్యయనం చూపింది, ఎందుకంటే వారి పొలాలు మునిగే పల్లాల్లో ఉండే అవకాశం ఎక్కువ. మొక్కలోని ఒక గుణం ఊళ్లోని అన్యాయపు భూపంపకాన్ని సరిచేయలేదు. కానీ దాని దెబ్బను తగ్గించగలదు, అది చిన్న విషయం కాదు. దేశం కడుపు నింపాలంటే సగటు దిగుబడే చూడాలనే వారికి ఈ వరే జవాబు. బలహీనుడి పొలాన్ని లెక్కలోకి తీసుకున్నందుకు బలవంతుడి పొలంలో ఒక్క బస్తా తగ్గలేదు.

ప్రతి నేలకూ ఒక వంగడమంటే డబ్బెక్కడిది, కాలమెక్కడిది అన్న ప్రశ్న బరువైనదే. ఊరికొక వంగడం ఎవరూ ఇవ్వలేరు. అయినా ఖర్చు నిజంగా ఎక్కడ ఉందో చూడాలి. తూర్పు భారతంలో మెట్ట వరి కోసం రైతులతో కలిసి చేసిన పనిలో అశోక 200ఎఫ్, అశోక 228 రకాలు వచ్చాయి. కళింగ-3, ఐఆర్-64ల ఒకే ఒక్క సంకరం నుంచి రెండూ పుట్టాయి. ఖర్చు పెంచే వందలాది సంకరాలు చేసి క్షేత్రంలోనే వడపోసే బదులు, తల్లిదండ్రులను ఆచితూచి ఎంచి, ఎంపికలో రైతులను కలుపుకున్నారు. రైతులంటే ఇక్కడ పట్టాదారు ఒక్కడే కాదు. కౌలుదారుకు తక్కువ పెట్టుబడితో గట్టెక్కే పంట కావాలి. నాటేది, కలుపు తీసేది, వండేది ఆడవాళ్లు. నూర్పిడిలో గింజ ఎలా రాలుతుందో, అన్నం పొద్దుటికి ఎలా ఉంటుందో వారిని అడగకుండా తెలియదు.

ఇక మిల్లు. రకాలు కలిస్తే నూక పెరుగుతుందని మిల్లర్లు చెప్పేది నిజం. రైతు అమ్ముడుపోయేదే వేస్తాడు. అందుకే అమ్ముడుపోయే గింజను కదపకుండా లోటు పూడ్చే దారి వెతకాలి. సాంబ మసూరికి ఎండాకు తెగులు పెద్ద శత్రువు. రాజేంద్రనగర్ వరి పరిశోధనా సంస్థ, కణ, అణుజీవ శాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ కలిసి మూడు నిరోధక జన్యువులను దానిలోకి చేర్చి 2008లో మెరుగైన సాంబ మసూరిని అందించాయి. గింజ అదే సన్న గింజ.

అసలు చిక్కు విత్తనం దగ్గర వస్తుంది. విత్తనోత్పత్తికి మూలమైన బ్రీడర్ విత్తనం ఎంత పండించాలన్నది రాష్ట్రాలు పంపే ఇండెంట్లను, అంటే ముందస్తు కోరికలను, బట్టి తేలుతుంది. ఇప్పటికే పేరు పడ్డ రకాలకే ఇండెంట్లు వెళ్లడం సహజం. నాలుగు మండలాల చౌడుకు సరిపోయే వంగడం అడిగేవారు లేక మూలన పడుతుంది. విత్తనం దాచుకోవడానికి, మార్చుకోవడానికి, బ్రాండు వేయకుండా అమ్ముకోవడానికి 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం రైతుకు హక్కు ఇచ్చింది. కానీ మొదటి విత్తనం చేతికి అందకపోతే ఆ హక్కు అక్కరకు రాదు. అందుకే వంగడాల విడుదల కమిటీ ముందుకు వెళ్లే ప్రతి ఫైలులో దిగుబడి పట్టికతో పాటు, ఆ వంగడం ఏ మండలాల కోసమో, అక్కడ ఏ రైతు సంఘాలు దాని విత్తనం పండిస్తాయో, మొదటి మూడేళ్లు ఆ ఖర్చు ఎవరు భరిస్తారో రాసి ఉండాలి.